చైన్ సా కార్బొరేటర్ రిపేర్ కిట్: ఏళ్ల తరబడి వాడాక

ములుగు, భూపాలపల్లి వైపు జామాయిల్ తోటల్లో వాడే 58 సీసీ చైన్ సాకు (చెట్లు కోసే మిషన్) కార్బొరేటర్, అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం, మొండికేస్తే, చాలామంది కొత్తదే వేయించేస్తారు. బాడీ బాగున్నంతకాలం అది దండగ. నా మిషన్ ఇన్నేళ్లుగా కార్బొరేటర్ లోపలి చిన్న భాగాలుండే రిపేర్ కిట్లమీదే నడుస్తోంది.

విప్పేముందు ట్యాంకు మూత కాస్త వదులు చేసి చూడండి. అప్పుడు సాఫీగా నడిస్తే తప్పు ట్యాంకులోకి గాలి వెళ్లే రంధ్రానిది. ట్యాంకులోని ఫిల్టర్, పెట్రోల్ పైపు పగుళ్లు కూడా చూడాలి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

అసలు జబ్బు డయాఫ్రం, అంటే కార్బొరేటర్‌లో కదిలే పల్చటి పొర, బిగుసుకుపోవడం. కొత్తది వేలు తగిలితేనే మెత్తగా వంగుతుంది, పాతది ఎండుటాకులా చిటపటమంటుంది. ఇప్పటి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌లోని ఇథనాల్ తేమ పీలుస్తుంది. వానాకాలమంతా ట్యాంకులో వదిలేస్తే లోపల జిగురు పడుతుంది. దసరా తర్వాత తాడు ఎంత గుంజినా లేవదు, లేచినా రేస్ ఇవ్వగానే బంద్.

కిట్లో రెండు డయాఫ్రంలు, గ్యాస్కెట్లు (లీకు కాకుండా మధ్యలో పెట్టే పల్చటి సీళ్లు), నీడిల్ (పెట్రోల్ దారి మూసి తెరిచే సూది), దాన్ని కదిపే లీవర్, స్ప్రింగ్, జాలి ఉంటాయి. పొరపాటంతా వీటిని అమర్చే వరుసలోనే జరుగుతుంది. నీడిల్ ఉన్న వైపు బాడీకి ముందు గ్యాస్కెట్, దానిమీద డయాఫ్రం. రెండో వైపు, అంటే పెట్రోల్ లాగే పంపు వైపు, వరుస తిరగబడుతుంది: బాడీకి ఆనుకుని డయాఫ్రం, తర్వాత గ్యాస్కెట్. స్ప్రింగ్ లీవర్ కిందున్న గుంటలోనే కూర్చోవాలి. లీవర్ ఎత్తు పాతది తీసేముందే గుర్తుపెట్టుకోండి. ఎత్తు ఎక్కువైతే పెట్రోల్ పొంగి ప్లగ్ తడుస్తుంది, తక్కువైతే అందక మిషన్ గుక్కపడుతుంది. రంధ్రాల్లో తీగ గుచ్చొద్దు, క్లీనర్ స్ప్రే చాలు. డయాఫ్రం లోపలుండగా కంప్రెసర్ గాలి కొడితే చిరుగుతుంది.

పెట్రోల్ పాళ్లు సరిచేసే ఎల్ (తక్కువ వేగం), హెచ్ (ఎక్కువ వేగం) స్క్రూలు మెల్లగా మూసి, చెరో చుట్టు తెరవండి. ఇంజన్ వేడెక్కాకే ట్యూనింగ్. శబ్దం కీచుగా పెరుగుతోందని హెచ్ మూస్తూ పోతే పెట్రోల్‌తో పాటు అందులో కలిపిన ఆయిల్ కూడా తగ్గి పిస్టన్ గీసుకుపోతుంది. అది కార్బొరేటర్ ఖర్చుతో పోయేది కాదు. ఐడిల్‌లో, అంటే రేస్ ఇవ్వనప్పుడు, చైన్ తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ వదులు చేయాలి. పెట్రోల్‌లో 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) మిషన్ కంపెనీ చెప్పిన పాళ్లలోనే కలపాలి: 25:1 అంటే లీటరుకు 40 మి.లీ., 50:1 అంటే 20.

కిట్లలో నాకు నచ్చనిది ఒకటే. చవక రకాల్లో గ్యాస్కెట్ రంధ్రాలు కుదరవు. కార్బొరేటర్ బాడీమీది నంబర్ చూపించి కొనండి, పాత గ్యాస్కెట్ మీద కొత్తది పరిచి సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి.