పది మీటర్ల ఎయిర్ రైఫిల్: దేశీయమా, దిగుమతా, వాడినదా? ఏది మేలు?

పిల్లలకు షూటింగ్ నేర్పించాలనుకునే తల్లిదండ్రులు మొదట ధర అడుగుతారు. తర్వాత గురి ఎంత బాగుంటుందని అడుగుతారు. పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఎన్నాళ్లకు తిరిగి ఇస్తారు అని మాత్రం డబ్బు కట్టాక గానీ గుర్తుకు రాదు. మా అమ్మాయి ఈ ఆటలోకి వచ్చిన నాటి నుంచి నేను చూసిన రైఫిళ్లలో చెడ్డ గురి వల్ల మూలపడ్డవి తక్కువ. మరమ్మతు దిక్కు లేక మూలపడ్డవే ఎక్కువ. అందుకే ఇక్కడ మూడు దారులనూ ముఖ్యంగా ఆ వైపు నుంచే తూచి చూస్తున్నాను.

ఈ ఆటలో చిన్న లోపం కూడా ఎంత పెద్దదో ముందు చెప్పాలి. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. పది మీటర్ల దూరంలోని లక్ష్యం మధ్యలో ఉండే పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అర్హత పోటీలో 60 షాట్లు, ఒక్కో షాట్‌కు గరిష్ఠంగా 10.9, మొత్తం 654. రైఫిల్‌లో గాలి ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ సరిగా లేక, సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్లాల్సిన పెల్లెట్ 160తో వెళ్లిందనుకోండి. లక్ష్యం చేరేసరికి సుమారు రెండు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. వలయానికీ వలయానికీ మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లే. పిల్ల ఊపిరి బిగబట్టి, చేయి కదలకుండా కాల్చినా పాయింటు దాదాపు పోయినట్టే. పైగా తప్పు తనదే అనుకుంటుంది. నాకు అన్నిటికంటే కష్టం కలిగించేది ఇదే. నాణ్యత తనిఖీలో ఎవరో చేసిన అశ్రద్ధ పన్నెండేళ్ల పిల్ల ఆత్మవిశ్వాసాన్ని తినేస్తుంది.

ముందుగా దేశీయ తయారీ. ధర అందుబాటులో ఉంటుంది, విడిభాగాలు ఇక్కడే దొరుకుతాయి, ఫోను చేస్తే మన భాషలోనో హిందీలోనో మాట్లాడే మనిషి ఉంటాడు. మన దేశంలో మంచి రైఫిళ్లు తయారవుతున్నాయి, ఈ పదేళ్లలో మెరుగుపడ్డాయి కూడా. చిక్కల్లా ఒకే మోడల్‌లో ఒకటి అద్భుతంగా, పక్క పెట్టెలోది అధ్వానంగా ఉండటం. కాబట్టి పెట్టె విప్పకుండా ఇంటికి తెచ్చుకోవద్దు. దుకాణంలోనే, రైఫిల్ ఖాళీగా ఉందని నిర్ధారించుకున్నాక, బ్యారెల్ మూతి అంచు మీద దూది తిప్పి చూడండి. పోగులు చిక్కుకుంటే అక్కడ లోహపు గరుకు మిగిలిపోయినట్టే. పెల్లెట్ బయటికి వచ్చే ఆఖరి క్షణంలో ఆ గరుకు దాన్ని పక్కకు నెడుతుంది. గురి చూసే సైట్ బిగించే పట్టాలు బ్యారెల్‌కు సమాంతరంగా ఉన్నాయో లేదో చూడండి. అవి వంకరగా ఉంటే సైట్ మరను ఒక పక్కకు చివరిదాకా తిప్పినా గురి మధ్యకు రాదు.

మరమ్మతు సంగతికి వస్తే, మా అమ్మాయికి కొన్న దేశీయ రైఫిల్‌లో రాత్రి నింపిన గాలి తెల్లారేసరికి దిగిపోయేది. సబ్బు నీళ్లు రాస్తే, గాలి నిల్వ ఉండే సిలిండర్ బిగించే చోట బుడగలు లేచేవి. వీడియో తీసి మరీ కంపెనీకి పంపాం. రైఫిల్ చాలా ఆలస్యంగా తిరిగి వచ్చింది. పెట్టెలో ఒక చీటీ: ‘పరీక్షించాం, లోపం లేదు’. భుజానికి ఆనించే స్టాక్ మీద అంతకుముందు లేని గీత. గాలి మాత్రం ఎప్పటిలాగే దిగిపోయింది. చివరికి ఇక్కడే ఒక అనుభవజ్ఞుడైన మెకానిక్ సిలిండర్ తీసేసి, రైఫిల్‌లో గాలి లేకుండా చేసి, గాలి పోకుండా ఆపే లోపలి ఓ-రింగ్ బయటికి తీశాడు. అరచేతిలో పెట్టి చూపించాడు. నల్లటి రబ్బరు మీద గోటితో గీరినట్టు సన్నని కోత. రింగు కూర్చునే రంధ్రం అంచు పదునుగా ఉండిపోయింది. బిగించిన ప్రతిసారీ అది రబ్బరును కోస్తోంది. అతను ఆ అంచును నునుపు చేసి, కొత్త రింగు వేశాడు. రింగు ఖరీదు కొద్ది రూపాయలు. అక్కడితో సమస్య తీరింది. ఫ్యాక్టరీలో బిగించే మనిషి ఆ అంచు మీద వేలు పెట్టి చూసి ఉంటే ఈ కథే లేదు. సర్వీసు విభాగం రాత్రంతా గాలి నింపి ఉంచినా తెలిసిపోయేది. నా కోపం లోపం మీద కాదు, లోపం లేదన్న ఆ చీటీ మీద.

యంత్రమన్నాక లోపాలు వస్తాయి. వాటిని ఒప్పుకునే పద్ధతి ఒకటుంది. అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ 2014 ఏప్రిల్‌లో, 2006 మే నుంచి అప్పటిదాకా తయారైన మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లలో ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్నవాటిని వాడటం ఆపి వెనక్కి పంపమని ప్రకటించింది. ట్రిగ్గర్ బిగించేటప్పుడు అంటుపదార్థం ఎక్కువ పడటమే కారణమని చెప్పింది. అవి వేట తుపాకులు, ప్రాణాల మీదికి వచ్చే వ్యవహారం, మన ఎయిర్ రైఫిళ్లతో పోలిక లేదు. అయినా యజమాని తన తుపాకీ ఆ ప్రకటన కిందికి వస్తుందో లేదో తెలుసుకోగలిగాడు. మన దగ్గర అమ్మే ఎయిర్ రైఫిళ్ల విషయంలో అలాంటి ప్రకటన నేను ఇంతవరకు చూడలేదు.

రెండో దారి కొత్త దిగుమతి రైఫిల్. జర్మనీ నుంచి వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఆన్‌షుట్జ్, ఆస్ట్రియా నుంచి స్టెయర్. నాణ్యతలో వీటికి వంక పెట్టలేం. జర్మన్ మ్యాచ్ రైఫిల్ (పోటీల కోసమే చేసినది) పెట్టె విప్పితే ఫ్యాక్టరీలో దానితోనే కాల్చిన పరీక్ష కార్డు ఉంటుంది. షాట్లన్నీ కలిసి ఒకే చిరుగులా కనిపిస్తాయి. ఆ కార్డు చూస్తే ముచ్చటేస్తుంది. ఈ రైఫిల్ మా చేతి మీదుగా వెళ్లింది అని ఒక మనిషి పూచీ పడటం అంటే అదే.

కానీ ఆ పూచీ సముద్రం దాటాక పలచబడుతుంది. ప్రపంచ కప్పుల వేళ ఈ కంపెనీల సాంకేతిక నిపుణులు రేంజ్‌లోనే బల్ల వేసుకుని కూర్చుంటారు, జాతీయ జట్టు షూటర్లకు అక్కడికక్కడే పని అవుతుంది. మన జిల్లా స్థాయి పిల్లలకు దిక్కు దిగుమతిదారు. ట్రిగ్గర్‌లో చిన్న భాగం కావాలంటే ‘యూరప్ నుంచి రావాలి’ అంటాడు, ఎప్పుడని అడిగితే తేదీ చెప్పడు. రైఫిల్‌నే అక్కడికి పంపాలంటే వెళ్లేటప్పుడు ఒక కస్టమ్స్ తంతు, వచ్చేటప్పుడు మరొకటి. మంచి సరుకు ఎప్పుడూ పాడవదన్న నమ్మకమూ వద్దు. 2021 జూలై 25న టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ లీవర్ పోటీ మధ్యలో విరిగింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన సమయం పోయింది. 575 పాయింట్లతో ఫైనల్ చేజారింది. అంత స్థాయిలోనే అలా జరిగితే, విడిభాగం కోసం నెలల తరబడి ఎదురుచూసే పిల్ల సంగతి ఏమిటి? రాష్ట్ర పోటీల తేదీలు ఎవరి కోసమూ ఆగవు.

మూడోది, నేను మొగ్గేది, వాడిన మ్యాచ్ రైఫిల్. సీనియర్ షూటర్లు కొత్త మోడల్‌కు మారినప్పుడు పాతది అమ్మేస్తారు. హైదరాబాద్‌లో ఈ ఆట వేళ్లూనుకుంది. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే, బధిరుల ఒలింపిక్స్‌లో ధనుష్ శ్రీకాంత్ స్వర్ణం తెచ్చిందీ ఇందులోనే. కాబట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు, ఈ రైఫిళ్ల లోపలి సంగతి తెలిసిన చేతులూ ఉన్నాయి. వాడిన రైఫిల్‌కు వారంటీ ఉండదు నిజమే. కానీ దాని పుట్టుక లోపాలు ఈపాటికి బయటపడి ఉంటాయి. ఎక్కడ గాలి పోతుందో, ఏ భాగం అరుగుతుందో పాత యజమాని చెప్పగలడు.

ఇక్కడ కూడా కళ్లు మూసుకుని కొనకండి. ముఖ్యంగా సిలిండర్ మీద తేదీ చదవండి. జర్మన్ తయారీదారులు సిలిండర్‌కు పదేళ్ల గడువు ఇస్తారు. గడువు దాటినదాన్ని పోటీలోనూ, ఇంట్లోనూ వాడకూడదు. 200 బార్ ఒత్తిడితో చెలగాటం పనికిరాదు. కొత్త సిలిండర్ ఖరీదు కలుపుకుని బేరమాడండి. స్టాక్ పిల్ల భుజానికి సరిపడేంత చిన్నదవుతుందా అనేది చూడండి. ఒక రాత్రి గాలి నింపి ఉంచి, తెల్లారి మీటరు ముల్లు చూశాకే డబ్బు ఇవ్వండి. ఓ-రింగుల్లాంటివి ఉండే సీల్ కిట్ ఒకటి ముందే తెప్పించి దాచుకోండి. గాలి నింపే సదుపాయం లేని ఊళ్లో ఉంటే ఫైన్‌వెర్క్‌బావ్ 600 శ్రేణి పాతవి మంచివి. ప్రతి షాట్‌కు ఒకసారి లీవర్ తోస్తే చాలు, సిలిండరే ఉండదు. అయితే చిన్న పిల్లలకు ఆ లీవర్ బరువు.

వరస చెప్పమంటే, మొదటి కొన్ని నెలలు క్లబ్బు రైఫిల్ చాలు. ఆసక్తి నిలబడితే వాడిన మ్యాచ్ రైఫిల్. అది దొరక్కపోతే చేతితో పరీక్షించి ఎంచుకున్న దేశీయ రైఫిల్. కొత్త దిగుమతి రైఫిల్ జాతీయ స్థాయి స్కోర్లు వచ్చాక, అదీ విడిభాగాలు ఇక్కడ నిల్వ ఉంచే దిగుమతిదారు దొరికితేనే.

కొత్తది కొనేవారు మూడు మాటలు బిల్లు మీద రాయించుకోండి: మరమ్మతుకు ఎన్ని రోజులు, రానుపోను రవాణా ఖర్చు ఎవరిది, మార్చిన పాత భాగం తిరిగి ఇస్తారా. కంపెనీ వేరే రాష్ట్రంలో ఉందని వెనకడుగు వేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోను చేయండి. ‘లోపం లేదు’ అన్న చీటీ వస్తే పారేయకుండా, బుడగల వీడియోతో పాటు ఫిర్యాదుకు జతచేయండి.