ఫార్మాట్ కొట్టినా ఫైళ్లు పోలేదు: లినక్స్ మింట్‌తో ఐదేళ్లు

మాది గుంటూరు, బ్రాడీపేట. 2013లో కొన్న డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్, తర్వాతెప్పుడో వేయించిన 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. 2020 నుంచి దీని మీద విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమే నడుస్తోంది. కాలేజీలో తెలుగు చెబుతాను కాబట్టి నా పనంతా పాఠాలు, ప్రశ్నపత్రాలు, ఇంట్లోవాళ్ల ఫొటోలు.

అంతకు ముందు ఓసారి సిస్టమ్ మొరాయిస్తోందని షాపుకు మోసుకెళ్లాను. "సీ డ్రైవ్‌లో ఏమైనా ఉన్నాయా సార్?" అన్నాడు కుర్రాడు. ఏమీ లేవన్నాను. డెస్క్‌టాప్ మీద కనిపించేవీ, డాక్యుమెంట్స్‌లో దాచుకున్నవీ ఉండేది ఆ సీ డ్రైవ్‌లోనే అని నాకప్పుడు తెలీదు. అతనూ రెండోసారి అడగలేదు. మూడేళ్ల ప్రశ్నపత్రాలు, మా అమ్మ పాడిన మంగళహారతుల రికార్డింగులు, అతను ఫార్మాట్ కొట్టి డ్రైవ్ చెరిపేసేసరికి, అరగంటలో ఊడ్చుకుపోయాయి. హారతులు కొన్ని మా చెల్లెలి ఫోన్‌లో దొరికాయి, అదృష్టం.

2020 జనవరి 14తో విండోస్ 7కు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ ఏడాదే మింట్ 20 వేసుకున్నాను. డిస్కును రెండు ముక్కలు చేసి సిస్టమ్‌కు 50 జీబీ ఇచ్చి, మిగతాదంతా హోమ్‌కు, అంటే మన ఫైళ్లుండే చోటుకు, వదిలాను. అప్పుడది చాదస్తం అనిపించింది. దాని విలువ తెలిసింది 2025లో.

మింట్ 20కి సపోర్టు 2025 ఏప్రిల్ వరకే. దాన్నుంచి 22కి నేరుగా దూకలేం, 21 మీదుగా రావాలి. అంత ఓపిక లేక 22.1ను కొత్తగా వేసేద్దామనుకున్నాను. ఇన్‌స్టాలర్‌లో డిస్కంతా చెరిపేసే ఆప్షన్ పైనే ఊరిస్తుంటుంది. దాని జోలికి పోకుండా అడుగున ఉన్న 'సమ్‌థింగ్ ఎల్స్' నొక్కాలి. సిస్టమ్ ముక్కకు ఫార్మాట్ టిక్ పెట్టాలి. హోమ్ ముక్కకు మౌంట్ పాయింట్ (అది ఏ ఫోల్డర్‌గా కనిపించాలో) మాత్రం చూపించి, ఫార్మాట్ టిక్ లేకుండా చూసుకోవాలి. ఆ చిన్న గడి దగ్గర నాకు చెమట్లు పట్టాయి, ఏప్రిల్ ఎండ వల్ల మాత్రం కాదు. ముందురోజే 110 జీబీ బయటి డిస్కులోకి కాపీ చేసి పెట్టినా సరే, టెన్షనే. (ఆ కాపీ తప్పనిసరి. ఎస్‌ఎస్‌డీయే పోతే రెండు ముక్కలూ కలిసే పోతాయి.)

ఇరవై నిమిషాల్లో అయిపోయింది. లాగిన్ అయి చూస్తే డెస్క్‌టాప్ ఖాళీ. డాక్యుమెంట్స్ ఖాళీ. గుండె జారిపోయింది.

తీరా చూస్తే తప్పు నాదే. 2020లో మా అమ్మాయి సరదాకి యూజర్ నేమ్ 'నాన్న' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది, మొదటి ఎన్ తర్వాత రెండు ఏలు పెట్టి. నేను ఒకటే పెట్టాను. దాంతో సిస్టమ్ హోమ్‌లో ఆ పేరుతో కొత్త ఫోల్డర్ తెరిచి నన్ను అందులో కూర్చోబెట్టింది. పాతది పక్కనే, చెక్కుచెదరకుండా ఉంది. మళ్లీ మొదట్నుంచి ఇన్‌స్టాల్ చేసి ఈసారి పేరు సరిగ్గా కొట్టాను. ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులు, పాస్‌వర్డులతో సహా అన్నీ ఎక్కడివక్కడే.

రానివీ ఉన్నాయి. విడిగా వేసుకున్న ప్రోగ్రాములు, ప్రింటర్ డ్రైవర్ మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది. హోమ్‌లో పెట్టిన మండలి, రామభద్ర ఫాంట్లు మిగిలాయి, సిస్టమ్‌లోకి ఎక్కించిన పోతన, వేమన పోయాయి. ఇంకో చిరాకు: హోమ్‌లో చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్లలో పాత సెట్టింగులుంటాయి, అవీ వెంట వచ్చేస్తాయి. కింది ప్యానెల్ రెండు రోజులు వంకరటింకరగా ఆడింది. చివరికి సెట్టింగులన్నీ రీసెట్ చేశాక దారికొచ్చింది.

అప్పట్నుంచి ఏ గొడవా లేదు. 22కి సపోర్టు 2029 ఏప్రిల్ దాకా ఉంది, ఈ డబ్బా అప్పటిదాకా ఉంటుందో లేదో. ఆ యూజర్ నేమ్ స్పెల్లింగ్ మాత్రం చీటీ మీద రాసి సీపీయూ పక్కన అంటించాను.