పైరైట్ రివ్యూ: అట్రిబ్యూట్‌ఎర్రర్‌ని రన్ చేయకముందే పట్టుకుంటుందా?

పైథాన్‌లో ఒక ఆబ్జెక్ట్‌కి లేని అట్రిబ్యూట్‌ని, అంటే చుక్క పెట్టి అడిగే పేరుని, అడిగితే వచ్చేదే అట్రిబ్యూట్‌ఎర్రర్. దీంతో వచ్చే తలనొప్పి ఏంటంటే, తప్పు ఒక చోట జరుగుతుంది, ప్రోగ్రామ్ ఇంకో చోట ఆగుతుంది. పదో లైన్లో, టెక్స్ట్‌లో ప్యాటర్న్ వెతికే రీ.మ్యాచ్‌కి ఏమీ దొరక్క నన్ (అంటే 'ఏమీ లేదు') ఇస్తుంది. అరవయ్యో లైన్లో .గ్రూప్ అడిగినప్పుడు 'నన్‌టైప్ ఆబ్జెక్ట్‌కి గ్రూప్ అనే అట్రిబ్యూట్ లేదు' అంటూ కూలిపోతుంది. ట్రేస్‌బ్యాక్ (ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిందో చెప్పే మెసేజ్) అరవయ్యో లైన్ చూపిస్తుంది, మనకి కావాల్సింది పదోది. పైరైట్‌ని ఈ ఒక్క పని మీదే తూకం వేశాం.

పైరైట్ అంటే మైక్రోసాఫ్ట్ 2019లో ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన టైప్ చెకర్, అంటే ఏ విలువ ఏ రకమో (టైప్) చూసి తప్పులు చెప్పే టూల్. ఉచితం, ఎంఐటీ లైసెన్స్. కోడ్‌ని రన్ చేయదు, చదువుతుంది. వీఎస్ కోడ్‌లో పైథాన్ ఎక్స్‌టెన్షన్ ఉన్నవాళ్లు దీన్ని పైలాన్స్ రూపంలో ఇప్పటికే వాడుతున్నారు, లోపల నడిచే ఇంజిన్ ఇదే. అయినా చాలామందికి పైన చెప్పిన నన్ కేసులో ఎర్ర గీత రాదు. కారణం చిన్నదే: పైలాన్స్‌లో టైప్ చెకింగ్ మోడ్ డిఫాల్ట్‌గా 'ఆఫ్'లో ఉంటుంది. సెట్టింగ్స్‌లో 'టైప్ చెకింగ్ మోడ్' అని వెతికి 'బేసిక్' చేయండి. 'స్ట్రిక్ట్' జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, టైప్ హింట్లు (ఏ విలువ ఏ రకమో కోడ్‌లోనే రాసే సూచనలు) లేని పాత కోడ్ మీద అది వందల గీతలు గీసి అసలు తప్పుని వాటి కింద పూడ్చేస్తుంది.

టెర్మినల్‌లో కావాలంటే 'పిప్ ఇన్‌స్టాల్ పైరైట్'. ఇక్కడ మోడ్ డిఫాల్ట్‌గా 'స్టాండర్డ్', కాబట్టి సెట్టింగ్ మార్చకుండానే పనిచేస్తుంది. ఒక చిక్కుంది. పైరైట్‌ని టైప్‌స్క్రిప్ట్‌లో రాశారు, నడవాలంటే నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్) ఉండాలి. మెషీన్లో లేకపోతే మొదటిసారి రన్ చేసినప్పుడు అదే దించుకుంటుంది. ప్రాక్సీ వెనకున్న ఆఫీసు మెషీన్లలో ఇక్కడే ఆగిపోతుంది. ప్యాకేజీ పేరు పక్కన స్క్వేర్ బ్రాకెట్లలో 'నోడ్‌జేఎస్' చేర్చి ఇన్‌స్టాల్ చేస్తే నోడ్ కూడా పిప్ ద్వారానే వస్తుంది, పని జరిగిపోతుంది.

మోడ్ తర్వాత సరిచూడాల్సింది ఇంటర్‌ప్రెటర్. వీఎస్ కోడ్ కింది పట్టీలో కనిపించే పైథాన్ మీ ప్రాజెక్ట్ వెన్వ్‌దే (ఆ ప్రాజెక్ట్ లైబ్రరీలు విడిగా ఉండే ఫోల్డర్) కావాలి. అది తప్పయితే 'ఇంపోర్ట్ దొరకలేదు' అని ఒక గీత వస్తుంది, జనం దాన్ని పట్టించుకోరు. కానీ దొరకని లైబ్రరీ నుంచి వచ్చిన ప్రతి ఆబ్జెక్టూ పైరైట్‌కి 'అన్‌నోన్' అవుతుంది. అన్‌నోన్ మీద ఏ అట్రిబ్యూట్ అడిగినా అది నోరెత్తదు. ముందు ఆ ఇంపోర్ట్ గీతల్ని క్లియర్ చేయకుండా మిగతా ఫలితాలు చూడ్డం దండగ.

ఇక పనితీరు. నన్ విషయంలో పూర్తి మార్కులు ఇవ్వొచ్చు. రీ.మ్యాచ్, డిక్ట్ మీద .గెట్, దారి తప్పితే నన్ ఇచ్చే మన సొంత ఫంక్షన్లు, అన్నింటినీ పట్టుకుంటుంది. ఫంక్షన్‌కి టైప్ హింట్ రాయకపోయినా లోపలి రిటర్న్‌లు చదివి, 'ఒక దారిలో నన్ వస్తోంది' అని తనే తేల్చుకుంటుంది. మైపై అనే ఇంకో టైప్ చెకర్ డిఫాల్ట్‌గా హింట్లు లేని ఫంక్షన్ లోపలికే వెళ్లదు, దానికి 'చెక్ అన్‌టైప్డ్ డెఫ్స్' ఆప్షన్ ఇవ్వాలి. హింట్లు రాయని మన సగటు స్క్రిప్టులకి పైరైట్ నప్పడానికి కారణం ఇదే. 'పేర్లు = పేర్లు.సార్ట్()' అని రాసి, తర్వాత పేర్లు.అపెండ్ అంటే అక్కడికక్కడే గీత పడుతుంది. సార్ట్ ఉన్న లిస్టునే సర్దేసి నన్ ఇస్తుందని కొత్తవాళ్లు మర్చిపోతుంటారు, సార్టెడ్ వాడితే సరి.

అక్షర దోషాల్లో ఇది పైథాన్ కన్నా ముందుంటుంది. క్లాస్ బయట నుంచి 'ఖాతా.బ్యాలన్స్ = 500' బదులు 'ఖాతా.బ్యాలస్న్ = 500' అని రాస్తే పైథాన్ కిమ్మనకుండా కొత్త అట్రిబ్యూట్ తయారుచేస్తుంది. లెక్క తేడా ఎప్పుడో తర్వాత బయటపడుతుంది. పైరైట్ ఆ క్లాస్‌లో అలాంటి పేరు లేదని రాసిన చోటే చెబుతుంది.

ఇక బలహీనతలు, ఇవి తెలియకపోతే గీతల్లేని ఫైల్‌ని నమ్మి మోసపోతారు. మొదటిది, ఒక క్లాస్‌లో ఏ మెథడ్‌లో సెల్ఫ్ మీద విలువ పెట్టినా ఆ అట్రిబ్యూట్ ఉన్నట్టే పైరైట్ లెక్క. 'లోడ్' మెథడ్‌లో సెల్ఫ్.డేటా పెట్టి, 'చూపు' మెథడ్‌లో వాడారనుకోండి. లోడ్ కంటే ముందు చూపుని పిలిస్తే పైథాన్ అట్రిబ్యూట్‌ఎర్రర్ ఇస్తుంది, పైరైట్‌కి మాత్రం తప్పేమీ కనబడదు. దీనికి 'రిపోర్ట్‌అన్‌ఇనిషియలైజ్డ్‌ఇన్‌స్టెన్స్‌వేరియబుల్' అనే రూల్ ఉంది (పేరు టైప్ చేసేసరికి టీ చల్లారిపోతుంది), కానీ అది స్ట్రిక్ట్‌లో కూడా ఆఫ్‌లోనే ఉంటుంది, చేత్తో ఆన్ చేయాలి. ఇంకా తేలిక మార్గం, అన్ని అట్రిబ్యూట్లనీ, ఆబ్జెక్ట్ తయారవగానే నడిచే __ఇనిట్__‌లోనే మొదలుపెట్టడం. __ఇనిట్__ అనే పేరునే __ఇంట్__ అనో, ఒక్కో అండర్‌స్కోర్‌తోనో రాసినా ఇదే కథ. ఆ క్లాస్‌కి ఆర్గ్యుమెంట్లు ఇచ్చి పిలిస్తే పైరైట్ పట్టుకుంటుంది, ఇవ్వకపోతే లేదు.

రెండోది 'ఎనీ'. జేసన్.లోడ్స్ ఇచ్చేది ఎనీ, రిక్వెస్ట్స్ రెస్పాన్స్ మీద .జేసన్ ఇచ్చేదీ ఎనీ. జావాస్క్రిప్ట్ అలవాటుతో డేటా['పేరు'] బదులు డేటా.పేరు అని రాస్తే రన్ చేసినప్పుడు 'డిక్ట్ ఆబ్జెక్ట్‌కి ఆ అట్రిబ్యూట్ లేదు' అని వస్తుంది. పైరైట్ ముందే చెప్పదు, ఎనీ అంటే ఏదైనా కావొచ్చు కదా. ఆ వేరియబుల్‌కి 'డిక్ట్' అని టైప్ రాసి పెట్టండి, వెంటనే గీత పడుతుంది. ఏది ఎనీ అయిందో తెలియాలంటే పేరు మీద మౌస్ పెడితే చాలు.

టేబుల్ డేటా లైబ్రరీ పాండాస్ వాడేవాళ్లకి ఇదింకా ఇబ్బంది. పాండాస్‌లో కాలమ్ పేరుని చుక్క పెట్టి అడగొచ్చు, అందుకోసం డేటాఫ్రేమ్‌కి (పాండాస్ టేబుల్) __గెట్‌అట్ర్__ ఉంది, మామూలుగా దొరకని పేరు అడిగితే నడిచే మెథడ్ అది. అది ఉన్న క్లాస్ మీద 'ఈ అట్రిబ్యూట్ లేదు' అని ఏ చెకర్ అయినా నేరుగా చెప్పలేదు, అది మీ కాలమ్ పేరే కావొచ్చు. డేటాఫ్రేమ్ మీది అపెండ్‌నీ, ఐటర్‌ఐటమ్స్‌నీ 2023లో వచ్చిన పాండాస్ 2.0 తీసేసింది. పాత వీడియోలు చూసి రాసే కోడ్ ఇక్కడే పడుతుంది. ఈ కేసులో పైథాన్ ఇచ్చే సలహా కూడా దారి తప్పిస్తుంది. 3.10 నుంచి పైథాన్ దగ్గరి పేరు వెతికి 'మీ ఉద్దేశం ఇదా?' అని అడుగుతోంది. అపెండ్ బదులు అది చూపించేది ముందు అండర్‌స్కోర్ ఉన్న _అపెండ్. అది లైబ్రరీ సొంతానికి దాచుకున్న మెథడ్, పనిచేసినా వాడొద్దు. సరైనది పీడీ.కాన్‌క్యాట్, రెండు ఫ్రేముల్నీ లిస్టులో పెట్టి ఇవ్వాలి. లెక్కల లైబ్రరీ నంపై ఈ విషయంలో పద్ధతిగా ఉంది. 1.24లో ఎన్‌పీ.ఇంట్, ఎన్‌పీ.ఫ్లోట్ తీసేసినా, బదులుగా ఏం రాయాలో ఎర్రర్ మెసేజ్‌లోనే చెబుతుంది.

మూడో గుంట అరుదు గానీ లోతైనది. 'ఇఫ్ సెల్ఫ్.కనెక్షన్ ఈజ్ నాట్ నన్' అని చెక్ చేశాక, మధ్యలో సెల్ఫ్.క్లోజ్() పిలిచి, ఆ తర్వాత సెల్ఫ్.కనెక్షన్.సెండ్ అంటే పైరైట్ ఒప్పుకుంటుంది. క్లోజ్ లోపల కనెక్షన్ నన్ అయిపోయినా సరే, మెథడ్ పిలిచినంత మాత్రాన అది ముందు తేల్చుకున్న టైప్‌ని మార్చుకోదు. థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) వాడే కోడ్‌లోనూ విలువ ఇలాగే మధ్యలో మారొచ్చు, అక్కడ ముందుగా ఒక లోకల్ వేరియబుల్‌లోకి తీసుకుని చెక్ చేయడం మేలు.

వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో వాడేవాళ్లకి గోల ఇంకో వైపు నుంచి. తప్పు లేకపోయినా గీతలు పడతాయి. రివర్స్ రిలేషన్‌కి (ఒక టేబుల్ నుంచి దాన్ని సూచించే టేబుల్‌కి వెనక్కి వెళ్లే దారి) జాంగో తనే తయారుచేసే 'ఆర్డర్_సెట్' లాంటి పేర్లు ఏ ఫైల్లోనూ రాసి ఉండవు, కాబట్టి లేవంటుంది. పైరైట్ ప్లగిన్లు తీసుకోదు, జాంగో కోసం మైపైకి ఉన్న ప్లగిన్ ఇక్కడ పనికిరాదు. ప్రాజెక్ట్ మొత్తం జాంగోనే అయితే మైపై వైపు వెళ్లడమే మంచిది. ఒకటీ అరా లైన్లయితే చివర '# పైరైట్: ఇగ్నోర్' కామెంట్ పెట్టి, పక్కన స్క్వేర్ బ్రాకెట్లో రూల్ పేరు తప్పనిసరిగా రాయండి. రూల్ పేరు లేకుండా రాస్తే ఆ లైన్లో రేపు వచ్చే అసలు తప్పు కూడా మాయమవుతుంది.

సొంత ఫైల్‌కి 'రాండమ్.పీవై' అని పేరు పెట్టుకుని, 'రాండమ్ మాడ్యూల్‌కి రాండ్‌ఇంట్ లేదు' అని తల పట్టుకునే కేసుకి పైరైట్‌లో 'రిపోర్ట్‌షాడోడ్‌ఇంపోర్ట్స్' ఉంది, డిఫాల్ట్‌గా ఆఫ్. దీన్ని 'వార్నింగ్' చేసి పెట్టుకోండి. పైథాన్ 3.13 నుంచి ఎర్రర్ మెసేజే ఆ ఫైల్ పేరు మార్చమని చెబుతోంది, కాబట్టి కొత్త వెర్షన్‌లో ఉన్నవాళ్లకి ఇది అంత అవసరం పడదు. 'పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్' అని వస్తే, ఫైల్ పేరు గొడవ కాకపోతే అది వేరే రోగం: రెండు ఫైళ్లు ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకుంటున్నాయి. ఒక ఇంపోర్ట్‌ని ఫంక్షన్ లోపలికి మార్చండి, లేదా ఇద్దరికీ కావాల్సింది మూడో ఫైల్లో పెట్టండి.

టీమ్‌లో వాడేటప్పుడు పైప్రాజెక్ట్.టామ్ల్‌లో 'టూల్.పైరైట్' కింద మోడ్‌నీ, ఈ రెండు అదనపు రూల్స్‌నీ రాసి పెడితే అందరి మెషీన్లలో ఒకే ఫలితం వస్తుంది. సీఐలో (కోడ్ మారినప్పుడల్లా చెక్‌లు వాటంతటవే నడిచే చోట) ఎర్రర్ ఉంటే పైరైట్ ఎగ్జిట్ కోడ్ 1 ఇచ్చి బిల్డ్ ఆపుతుంది. వార్నింగులకి ఆపదు, వాటికీ ఆపాలంటే కమాండ్‌కి '--వార్నింగ్స్' చేర్చాలి.