అరకు, లంబసింగి: రెండు రోజుల బైక్ ట్రిప్‌కి ఏది?

విశాఖ నుంచి రెండు చోట్లకీ వంద కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, కాబట్టి పెట్రోలు ఖర్చులో పెద్ద తేడా రాదు.

అరకు: గదులు బోలెడు, కానీ డిసెంబరు శనివారాల్లో రేట్లు మండిపోతాయి.
లంబసింగి: గదులు తక్కువ, చాలామంది టెంట్లలోనే సర్దుకుంటారు.

అరకు దారిలో అనంతగిరి కాఫీ తోటలు, బొర్రా గుహలు, బొంగులో చికెన్. ఆగుతూ పోవచ్చు. లంబసింగికి నర్సీపట్నం మీదుగా వెళ్లాలి. అక్కడ చూడాల్సింది మంచు, అదీ తెల్లవారుజామున. చలికి వేళ్లు కొంకర్లు పోయి క్లచ్ నొక్కడమే కష్టమవుతుంది, గ్లౌజులు లేకుండా బయల్దేరకండి. పొగమంచులో ఎదురొచ్చే జీపు మీదికొచ్చేదాకా కనపడదు. చీకట్లో ఘాట్ ఎక్కే బదులు ముందురోజు సాయంత్రానికే చేరిపోవడం మేలు.

గ్యాంగులో కొత్తగా బండి నేర్చినవాళ్లున్నా, చలికాలం కాకపోయినా అరకే. జనవరిలో నిద్ర మానుకోగలిగే నలుగురైతే లంబసింగి.