త్రీ పీస్‌లో ఏది మన్నుతుంది? బీఎంఎక్స్ క్రాంకుల మీద సమీక్ష, బిగింపు వివరాలతో సహా

బీఎంఎక్స్ (గెంతులకీ రేసులకీ వాడే చిన్న చక్రాల సైకిల్) పెడళ్లని మోసే క్రాంకు కొనేటప్పుడు అందరూ ఆర్మ్‌నే, అంటే పెడల్ తగిలించే చేతినే చూస్తారు: గొట్టం ఎంత మందం, వెల్డింగ్ ఎంత నున్నగా ఉంది, బరువెంత అని. చేతికి చేరిన పాడైన క్రాంకుల్ని వరుసగా పెట్టి చూస్తే మాత్రం ఆర్మ్ మధ్యలో విరిగినవి కొద్ది. ఎక్కువగా పోయేవి స్పిండిల్‌ని (రెండు ఆర్మ్‌లనీ కలిపే ఇరుసుని) ఆర్మ్ పట్టుకునే పళ్లు, అంటే స్ప్లైన్లు. తర్వాత పెడల్ ఎక్కే మరలు. ఆ తర్వాతే స్పిండిల్ పక్కన వెల్డింగ్‌లో వచ్చే సన్నటి పగుళ్లు. మొదటి రెండూ చాలావరకు బిగింపు లోపాలే. అందుకే ఈ సమీక్షలో కొనుగోలుకు ఎంత చోటిచ్చామో, బిగింపుకీ అంత చోటిచ్చాం.

వన్ పీస్ క్రాంకు సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. ఒకే కడ్డీని వంచి చేసిన ఈ రకం చవక బళ్లతో వస్తుంది. రోడ్డు మీద తిరగడానికి, చిన్నపిల్లలకి చాలు. గెంతులు మొదలయ్యాక వంగుతుంది, వంగినదాన్ని సరిచేస్తే మళ్లీ అక్కడే వంగుతుంది. పైగా దీని పెడల్ మర అర అంగుళం. రెండు ఆర్మ్‌లు, స్పిండిల్ విడివిడిగా ఉండే త్రీ పీస్‌ది 9/16 అంగుళాలు. కాబట్టి మార్చేరోజు పెడళ్లు కూడా మార్చాల్సిందే, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

అసలు పోటీ త్రీ పీస్ క్రాంకుల్లో 19 మి.మీ. స్పిండిల్‌కీ 22 మి.మీ. స్పిండిల్‌కీ మధ్య. 19 మి.మీ. వర్గానికి పెద్దదిక్కు ప్రొఫైల్ రేసింగ్. అమెరికాలోని ఫ్లోరిడాలో తయారవుతుంది, 1980ల నుంచీ ఈ పనిలో ఉంది, 48 స్ప్లైన్ల పట్టుకి పేరు తెచ్చుకున్నది. విడిభాగాలు విడివిడిగా దొరకడం దీని అసలు బలం: స్పిండిల్ పోతే స్పిండిల్, ఒక ఆర్మ్ వంగితే ఆ ఆర్మ్ ఒక్కటే కొనుక్కోవచ్చు. 22 మి.మీ. వర్గంలో ఒడిస్సీ థండర్‌బోల్ట్ మంచి ఉదాహరణ. క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) ఆర్మ్‌లని వెల్డింగ్ అయ్యాక వేడిచికిత్స చేస్తారు. వెల్డింగ్ వేడికి పక్కనున్న లోహం మెత్తబడుతుంది కనుక ఈ క్రమం ముఖ్యం. ఏ కంపెనీది కొన్నా 'హీట్ ట్రీటెడ్' అన్న మాట ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, వెల్డింగ్ తర్వాత చేశారా అని అడగండి.

22 మి.మీ. స్పిండిల్ వ్యాసం పెద్దది, లోపల బోలు. అదే బరువులో ఎక్కువ గట్టిగా ఉంటుంది, మెలితిరగడం తక్కువ. దానికి చెల్లించే మూల్యం బేరింగుల్లో కనబడుతుంది. స్పిండిల్ తిరిగే బేరింగులు ఫ్రేమ్‌లో కూర్చునే గూడే బాటమ్ బ్రాకెట్. దాని మిడ్ రకంలో బేరింగు బయటి వ్యాసం రెండిటికీ 41 మి.మీ. లోపలి రంధ్రం పెరిగితే గుండ్లకి మిగిలే చోటు తగ్గుతుంది. అందుకే 22 బేరింగులు 19 వాటికన్నా కొంత ముందే గరగరలాడతాయి. బేరింగు మార్చడం తేలిక, అరిగిన ఆర్మ్‌ని బాగుచేయడం కుదరదు. బరువైన రైడర్లకీ, మెట్ల మీంచి దూకేవాళ్లకీ మా ఓటు 22కే. ఫ్రేమ్‌లో స్పానిష్ బ్రాకెట్ ఉంటే మాత్రం లెక్క మారుతుంది. దాని గూడే 37 మి.మీ., 22 స్పిండిల్ పెడితే బేరింగు మరీ పల్చబడుతుంది. అక్కడ 19 దే పైచేయి.

ఇక టూ అండ్ హాఫ్ పీస్. ఒక ఆర్మ్ స్పిండిల్‌తో శాశ్వతంగా కలిసి ఉంటుంది, రెండోది మాత్రమే విడివడుతుంది. వదులయ్యే కీళ్లు రెండుకి బదులు ఒకటే కాబట్టి చప్పుళ్లు తక్కువ, బిగించడం తేలిక. ఒప్పుకోవాల్సిందే, మొదటిసారి సొంతంగా బిగించుకునేవాళ్లకి ఇదే హాయి. చిక్కల్లా స్పిండిల్ చెడితే ఆర్మ్ కూడా దాంతోపాటే పోవడం. దీర్ఘకాలం వాడాలనుకుంటే మామూలు త్రీ పీసే లాభం.

టైటానియం స్పిండిల్ గురించి అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. బరువు తగ్గుతుంది, నిజమే. మన్నిక కోసం క్రాంకు వెతుకుతున్నవాళ్లకి మాత్రం అది కాదు.

పొడవు విషయంలో తొందరపడకండి. 165, 170, 175, 180 మి.మీ. సాధారణంగా దొరుకుతాయి. 165 నుంచి 180 కి వెళ్తే అదే తొక్కుడుకి స్ప్లైన్ల మీద పడే మెలి బలం దాదాపు 9 శాతం పెరుగుతుంది, పెడల్ నేలకి 15 మి.మీ. దగ్గరవుతుంది. రేసింగుకి పొడవు పనికొస్తుంది. స్ట్రీట్, పార్కులో తిప్పుళ్లు చేసేవాళ్లకి 165, 170 చురుగ్గా ఉంటాయి. ఆరడుగుల మనిషికి 175 వద్దని ఎవరూ అనరు.

ఆర్డరు పెట్టేముందు ఫ్రేమ్ గూడు కొలవండి. లోపలి వ్యాసం సుమారు 51 వస్తే అమెరికన్, 41 దాటి కొంచెం వస్తే మిడ్, 37 అయితే స్పానిష్, లోపల మరలు కనిపిస్తే యూరో. స్ప్రాకెట్ (చెయిన్ ఎక్కే ముందు పళ్ల చక్రం) ఏ పక్కనో కూడా చూసుకోవాలి. ఎడమ డ్రైవ్ (చెయిన్ ఎడమ వైపు ఉండేది) అయితే స్ప్రాకెట్ బోల్టుకి రంధ్రం ఎడమ ఆర్మ్‌కి ఉండాలి, ఎందుకంటే ఎడమ పెడల్ మర ఎప్పుడూ ఎడమ తిప్పే. ఆర్మ్‌లు అటూఇటూ మార్చి పని కానిచ్చేద్దాం అనుకుంటే కుదరదు. స్ప్రాకెట్ మధ్య రంధ్రం చాలావాటికి 23.8 మి.మీ. ఉంటుంది, 19 కి గానీ 22 కి గానీ అడాప్టర్ రింగు వేస్తారు. ఆ రింగు లేకుండా బిగిస్తే స్ప్రాకెట్ మధ్యనుంచి తప్పి తిరుగుతుంది, చెయిన్ ఒకచోట బిగుసుకుని ఒకచోట వేలాడుతుంది. చెయిన్ పాడైందని చాలామంది అనుమానించేది ఇక్కడే.

బిగింపు మిడ్ బ్రాకెట్‌తో చెప్తాం, మిగతావాటికీ తర్కం ఇదే. గూటిలోని పెయింటు పొరలు, దుమ్ము తుడిచి పల్చగా గ్రీజు రాయండి. డ్రైవ్ వైపు బేరింగు ముందు. సుత్తితో కొట్టకండి. పొడవాటి మరల కడ్డీ, రెండు నట్లు, పెద్ద వాషర్లు ఉంటే చాలు, మెల్లగా నొక్కుకుంటూ పోవచ్చు. ఒత్తిడి బేరింగు బయటి వలయం మీద మాత్రమే పడాలి. లోపలి వలయం మీద నొక్కితే గుండ్లు తమ దారిలో గుంటలు వేస్తాయి, కొత్త బేరింగు మొదటి రోజునుంచే గరగరలాడుతుంది. మొదటిది కూర్చున్నాక మధ్య గొట్టం లోపల పెట్టి, ఆ తర్వాతే రెండో బేరింగు నొక్కాలి. ఈ గొట్టాన్ని మర్చిపోయేవాళ్లు ఆశ్చర్యపోయేంతమంది. అది లేకపోతే ఆర్మ్ బోల్టులు బిగించేకొద్దీ లోపలి వలయాలు ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి, క్రాంకు తిరగనని మొరాయిస్తుంది. యూరో గూడైతే కుడి వైపు కప్పు ఎడమకి తిప్పితే బిగుస్తుందని గుర్తుంచుకోండి.

బండి బయటే డ్రైవ్ ఆర్మ్‌లో స్పిండిల్ ఎక్కించి, స్ప్రాకెట్ తొడిగి, దాని బోల్టు వేసేయండి. స్ప్లైన్లకి గ్రీజు పూయడం తప్పనిసరి, ఎండు ఇనుము మీద ఎండు ఇనుము కదిలితే తుప్పు, కిర్రుచప్పుడు రెండూ వస్తాయి. ఆర్మ్ బిగుతుగా ఎక్కాలి, చేత్తో పూర్తిగా జారిపోతే అనుమానించండి. రబ్బరు సుత్తితో తట్టొచ్చు. ఇనుప సుత్తి స్పిండిల్ చివర తగిలితే లోపలి మరలు నలిగి బోల్టు ఎక్కదు. స్పేసర్లు (ఖాళీ నింపే వలయాలు) వేసి దాన్ని బేరింగుల గుండా తోయండి.

ఇప్పుడు స్పేసర్లు. తొందరపడేవాళ్లకి ఈ పని మొత్తం చెడేది ఇక్కడే. రెండు పనులు ఒకేసారి జరగాలి. స్ప్రాకెట్ వెనక చక్రం కాగ్‌తో (అక్కడి చిన్న పళ్ల చక్రంతో) ఒకే గీతలో ఉండాలి: పొడవాటి స్కేలు స్ప్రాకెట్ ముఖానికి ఆనించి వెనక్కి చూడండి. ఆర్మ్‌కీ చెయిన్‌స్టేకీ (వెనక చక్రం దాకా వెళ్లే ఫ్రేమ్ గొట్టానికీ) మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. అవతలి ఆర్మ్ ఎక్కించాక పక్కకి లూజు ఉంటే అర మి.మీ. వాషరు ఒకటి కలపండి, చూడండి, కావాలంటే ఇంకోటి. లూజుని బోల్టు బిగించి పోగొట్టాలని చూడకండి, బోల్టు పని అది కాదు. మరీ ఎక్కువ వాషర్లు వేసినా ముప్పే: ఆర్మ్ స్ప్లైన్ల మీద పూర్తిగా ఎక్కదు, పట్టు తగ్గుతుంది, బేరింగుల మీద పక్కనుంచి భారం పడుతుంది. రెండు వైపులా స్పిండిల్ చివర ఆర్మ్ లోపల సమానమైన లోతులో కనబడుతుంటే లెక్క సరిపోయినట్టు.

రెండో ఆర్మ్ మొదటిదానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. 48 స్ప్లైన్లలో ఒక్కటి తప్పినా 7.5 డిగ్రీల తేడా వస్తుంది, కంటికి తెలిసిపోతుంది. పక్కనుంచి గాక, ఎదురుగా నిలబడి కూడా ఒకసారి చూడండి. స్పిండిల్ బోల్టులకి మధ్యరకం త్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క, కంపెనీ కాగితంలో రాసిన టార్క్ (తిప్పే బలం) మేరకు బిగింపు. పించ్ బోల్టుల (ఆర్మ్‌ని స్పిండిల్ చుట్టూ నొక్కి పట్టే బోల్టులు) రకమైతే ముందు చివరి బోల్టుతో లూజు తీసి, తర్వాత పించ్ బోల్టుల్ని ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. మొదటిదాన్ని ఒకేసారి చివరిదాకా బిగిస్తే రెండోది ఎప్పటికీ సరిగ్గా పట్టదు.

పెడళ్ల మరలకి గ్రీజు రాసి, మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించండి. స్పానర్ పెట్టాల్సి వచ్చిందంటే మర వంకరగా పడింది, వెనక్కి తీయండి. చివర 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు చాలు.

పని ఇంతటితో అయిపోదు. మొదటి రైడు తర్వాత స్ప్లైన్లు ఒకదానిలో ఒకటి సర్దుకుంటాయి, బోల్టు కొద్దిగా వదులవుతుంది. బోల్టులన్నీ మళ్లీ టార్క్ చూడండి, వారం తర్వాత ఇంకోసారి చూడండి. ఈ రెండు తనిఖీలూ వదిలేసినవాళ్ల ఆర్మ్‌లే ఎక్కువగా చెత్తబుట్టకి చేరతాయి. వదులు ఆర్మ్ మీద దూకిన ప్రతిసారీ స్ప్లైన్లు గుండ్రబడతాయి. ఒకసారి గుండ్రబడ్డాక ఎంత బిగించినా నిలవదు, కొత్త స్పిండిల్ వేసినా ఆర్మ్ లోపలి పళ్లు పోయాయి కనుక ప్రయోజనం సున్నా. కిర్రుమన్నప్పుడు ముందు పెడల్, తర్వాత స్ప్రాకెట్ బోల్టు, చివర స్పిండిల్ బోల్టు, ఈ వరుసలో వెతికితే సమయం కలిసొస్తుంది.

వారంటీ కాగితం చదివాకే డబ్బు కట్టండి. జీవితకాలం అని పెద్దక్షరాల్లో రాసినా సాధారణంగా అది మొదటి యజమానికే, బేరింగులూ బోల్టులూ అందులో ఉండవు. పాత క్రాంకు కొనేవాళ్లకి వారంటీ లేదనే అనుకుని ధర మాట్లాడాలి. చూడాల్సినవి మూడు: పెడల్ రంధ్రం గుండ్రంగానే ఉందా, స్పిండిల్ చుట్టూ పెయింటు కింద వెంట్రుకంత గీత ఏమైనా ఉందా, బండి మీద తిప్పినప్పుడు పెడల్ ఇరుసు పైకీ కిందకీ ఊగుతోందా. చివరిదానికి కారణం పెడల్ కావచ్చు, ఆర్మ్ కావచ్చు. పెడల్ విప్పి ఇంకోటి వేసి చూస్తే తేలుతుంది.

విప్పేటప్పుడు బోల్టుని పూర్తిగా తీసేసి తట్టకండి. మూడు నాలుగు చుట్లు లోపలే ఉంచి, దాని తల మీద రబ్బరు సుత్తితో కొడితే స్పిండిల్ మరలు భద్రంగా ఉంటాయి, ఆర్మ్ కదులుతుంది. కదలకపోతే చొచ్చుకుపోయే నూనె పోసి రాత్రంతా వదిలేయండి.