ఆయిల్ క్యాచ్ క్యాన్: మూడేళ్లలో పట్టింది ఎంత, పట్టనిది ఎంత

నా పికప్ 2011 మోడల్, 2.5 లీటర్ల టర్బో డీజిల్. రాత్రి మదనపల్లెలో టమాటా ఎక్కించుకుంటే తెల్లవారేలోపు చెన్నై కోయంబేడులో దించాలి. తిరుగు ప్రయాణంలో దొరికిన సరుకు వేసుకుని భాకరాపేట ఘాట్ ఎక్కాలి. మూడేళ్ల కిందట, టర్బో నెట్టే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపు ఊడదీస్తే అర గ్లాసు నల్ల నూనె కారింది. సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపల తారు పూసినట్టే ఉంది. వేలితో గీకి చూసినందుకు గోటి కింది నలుపు రెండు రోజులు సబ్బుకు లొంగలేదు.

పిస్టన్ రింగులను దాటుకుని కిందికి దిగిన పొగ, ఆయిల్ తుంపరను వెంటబెట్టుకుని బ్రీదర్ పైపు గుండా మళ్లీ టర్బో ముందున్న గాలి పైపులోకే చేరుతుంది. బయటికి పోయే పొగలో కొంత తిరిగి ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ నుంచి వచ్చే మసి తోడైతే అదే తారవుతుంది. ఆ దారి మధ్యలో పెట్టే డబ్బా ఈ క్యాచ్ క్యాన్. లోపలి అడ్డుపలకలకు, స్టీలు జాలీకి తగిలిన నూనె అడుగుకు జారుతుంది, గాలి ముందుకు పోతుంది.

మొదట 900 రూపాయలది కొన్నాను. మూత విప్పి చూస్తే లోపల ఏమీ లేదు, వట్టి డబ్బా. గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కితే సరిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. ఆ పీచులో ఒక్క పోగు తెగి టర్బోలోకి పోతే ఏమవుతుందో తలచుకుని ఊరుకున్నాను. తర్వాత 3,800 పెట్టి జాలీ ఉన్నది తెచ్చి, టర్బో వేడికి దూరంగా, బ్యాటరీ పక్కన, బ్రీదర్ కంటే కిందికి ఉండేలా బిగించాను.

అక్కడ కక్కుర్తి పడింది పైపు దగ్గర. ఇంట్లో మిగిలిన నీళ్ల పైపు ముక్క వేశాను. నెల తిరిగేసరికి వేడికి, నూనెకు మెత్తబడి నొక్కుకుపోయింది. పొగకు దారి మూసుకుపోయి ఇంజిన్ అడుగు భాగంలో, అంటే క్రాంక్‌కేసులో, ఒత్తిడి పెరిగింది, డిప్‌స్టిక్ గొట్టం చుట్టూ ఆయిల్ చిమ్మింది. తప్పు పూర్తిగా నాదే. ఆయిల్‌ను తట్టుకునే నైట్రైల్ రబ్బరు పైపు వేశాక మళ్లీ ఆ బాధ లేదు.

ప్రతి ఆదివారం అడుగున కుళాయి తిప్పి పాత సీసాలోకి దించుతాను. వేసవిలో నల్లగా, పలచగా, డీజిల్ వాసనతో వస్తుంది. మొదటి డిసెంబరులో మాత్రం పాలెక్కువైన టీ రంగులో, నురగతో వచ్చింది. హెడ్ గ్యాస్కెట్ పోయి రేడియేటర్ నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమోనని గుండె జారింది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గలేదు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంది. మదనపల్లె చలికి డబ్బా గోడల మీద ఆవిరి నీరై నూనెలో కలిసిందంతే. ఇలా దించిన నూనెను తిరిగి ఇంజిన్లో పోయకండి. పోసేవాళ్లను చూశాను.

60,000 కిలోమీటర్ల తర్వాత ఇంటర్‌కూలర్ పైపు విప్పితే లోపల తడి తప్ప కారేంత నూనె లేదు. కానీ మానిఫోల్డ్‌లోని పాత తారు ఎక్కడిదక్కడే ఉంది, విప్పి కడిగించక తప్పలేదు. ఈజీఆర్ మసి ఇప్పటికీ వస్తుంది. మైలేజీ పెరుగుతుందని అమ్మేవాళ్లు చెబుతారు, నా బండికి చుక్క కూడా పెరగలేదు.

నాకు అసలు పనికొచ్చింది ఆ సీసా మీద మార్కరుతో గీసుకున్న గీతలు. రెండేళ్లు వారానికి 50 మిల్లీలీటర్ల దగ్గరే ఉన్న మట్టం మూడో ఏడు 120 దాటింది. అదే బండి, అదే దారి. అంటే రింగులను దాటుకుని దిగే పొగ పెరిగిందన్నమాట. సిలిండర్లలో ఒత్తిడి, అదే కంప్రెషన్, చూపిస్తే మూడో సిలిండర్ బలహీనంగా ఉంది. పొగ కక్కి రోడ్డు మీద ఆగిపోకముందే, టమాటా సీజను లేని రోజుల్లో రింగులు మార్పించుకోగలిగాను. మొన్న ఆదివారం కుళాయి తిప్పితే సీసాలోకి వచ్చింది రెండు చెంచాలు.