నల్లజాతి సైనికులు: 1861లో ఒక మాట, 1864కి ఇంకో మాట

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైనప్పుడు, తుపాకీ పడతామంటూ వచ్చిన నల్లజాతి యువకులను ఉత్తరాది సైన్యం వెనక్కి పంపేసింది. ఇది తెల్లవాళ్ల యుద్ధమట! వీళ్లు పోరాడలేరని కూడా చాలామంది అనుకున్నారు.

1863లో లెక్క మారింది, వీళ్లనూ పెద్ద ఎత్తున సైన్యంలోకి తీసుకున్నారు. జూలై 18న దక్షిణాది కోట ఫోర్ట్ వాగ్నర్ మీద, నల్లజాతి సిపాయిల దళమైన 54వ మసాచుసెట్స్ రెజిమెంట్ చేసిన దాడి విఫలమైంది. అయినా వాళ్ల తెగువ చూశాక ఎగతాళి చేసిన నోళ్లు చాలావరకు మూతపడ్డాయి. యుద్ధం ముగిసేసరికి సైన్యంలో చేరిన నల్లజాతివాళ్లు సుమారు 1,79,000 మంది.

జీతం దగ్గర మాత్రం పాత బుద్ధే. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, వీళ్లకు 10. అందులోనూ బట్టల పేరుతో 3 కోత. దీనికి నిరసనగా 54వ రెజిమెంట్ నెలల తరబడి అసలు జీతమే ముట్టలేదు. నాకైతే కోట మీద దాడి కన్నా ఇదే గట్టి పోరాటమనిపిస్తుంది. చివరికి 1864 జూన్‌లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ సమాన జీతానికి ఒప్పుకుంది.